గుట్ట మీద సున్నం

“ఈ రాళ్లకు సున్నం కొట్టింది ఎవరో మీకేమైనా తెలుసా మేడం?” అని అడిగాడు లెక్చరరు. కాలేజీలో చరిత్ర చెబుతాడు. మంచి కుర్రవాడు, పాత రాళ్లంటే ప్రాణం పెడతాడు. నాది తిరువూరని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చి, మోకాళ్లు అరిగిపోయిన నన్ను చెయ్యి పట్టుకుని రాకాసిగుళ్ల గుట్ట ఎక్కించాడు. అతను చూపించిన చోట, రెండు నిలువు బండల మధ్య, కప్పురాయి నీడన వాన తగలని మూలలో, అరచెయ్యి వెడల్పున తెల్లటి పొర ఇంకా అంటుకునే ఉంది. తెలుసు బాబూ, మేమే కొట్టాం, అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతని ముఖం మారిపోయింది. ఇవి వేల ఏళ్ల కిందటి సమాధులనీ, ఇనుము అప్పుడప్పుడే చేతికొచ్చిన కాలంలో మనుషులు తమవాళ్లను సాగనంపిన గదులనీ, సున్నం రాయిని పాడుచేస్తుందనీ, చదువుకున్న మీరే ఇలా చేస్తే ఎలా అనీ అన్నాడు. అతను చెప్పినదంతా నిజం. నేను తల ఊపాను. అయితే అక్కడికి కాస్త అవతల, అదే కాలపు మరో సమాధికి ఎవరో పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, జెండా పాతి, పైన రేకుల పందిరి వేసి, ఇనప డబ్బా ఒకటి గొలుసుతో కట్టిపెట్టారు. మరి ఈ పసుపు సంగతేమిటి, ఇది రాయిని ఏమీ చెయ్యదా, అని అడిగాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “అది జనం సెంటిమెంటు మేడం. దాని జోలికి మనం పోకూడదు.”

ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాయవలసి వస్తోంది. ఎప్పటిదో సున్నాన్ని గట్టిగా నిలదీసిన మనిషి, నిన్నగాక మొన్న పూసిన పసుపు దగ్గర గొంతు తగ్గించుకున్నాడు. అతని తప్పు కాదనుకుంటాను, ఉద్యోగం ఉంది, పెళ్లాం పిల్లలున్నారు. మా కాలంలో మాత్రం గొంతు తగ్గించమని చెప్పేవాళ్లు లేరా? మా ఇంట్లోనే ఉన్నారు, మా అరుగు మీదే కూర్చుని ఉన్నారు. మేము తగ్గించలేదు. ఎందుకు తగ్గించలేదో చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి.

మాది కందిపప్పు వ్యాపారం. ఇంటి వెనకే మిల్లు. నూనె పట్టించి ఎండబోసిన కందుల వాసన మా ఇంట్లో గోడలకీ, దుప్పట్లకీ, నా జడకీ పట్టి ఉండేది. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు నన్ను పప్పమ్మా అని పిలిచేవాళ్లు. మిల్లు తిరిగినంతసేపూ వంటింట్లో గిన్నెలు సన్నగా అదిరేవి. మిల్లు ఆగిన క్షణాన ఊరంతా ఆగిపోయినట్టు అనిపించేది. పొట్టు ధూళి ఎంత తుడిచినా మళ్లీ వచ్చి కూర్చునేది. ఆ ధూళితో రోజంతా యుద్ధం చేసే మనిషి మా శేషత్తయ్య. నాన్నకు చెల్లెలు. విస్సన్నపేట పక్క పల్లెలో ఇచ్చారు. పెళ్లయిన కొద్దికాలానికే ఆయన పోతే, అత్తవారు ఒక రేకు పెట్టె చేతికిచ్చి బండెక్కించి పంపారు. పెట్టెలో ఏమీ లేదని తెలిసి కూడా దానికి తాళం వేసి పంపారని అత్తయ్య నవ్వుతూ చెప్పేది. నేను ఉయ్యాల్లో ఉండగానే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది ఆ పెట్టెతో వచ్చిన మనిషి. ఆమె వండేటప్పుడు ఏదీ నోట్లో వేసుకుని చూసేది కాదు. మూత తీసి, ఆవిరి ముఖాన కొట్టనిచ్చి, ఉప్పు తక్కువైందనో సరిపోయిందనో చెప్పేది. వంటింట్లో తప్ప ఇంకెక్కడా గట్టిగా నవ్వేది కాదు. అదొక్కటే ఆమె రాజ్యం. అందులోంచి తీసేస్తే ఆమెకు భూమ్మీద నిలబడే చోటు లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా మా నాయనమ్మకు తెలుసు.

నాయనమ్మ రోజంతా అరుగు మీద చెక్కపీట వేసుకుని కూర్చునేది. పక్కన ముక్కుపొడుం డబ్బా, చేతిలో తాటాకు విసనకర్ర. ఎవరు ఎప్పుడు స్నానం చేశారు, ఎవరి చెయ్యి ఏ బిందెకు తగిలింది, పాలవాడు ఏ వైపు నుంచి వచ్చాడు, అన్నీ ఆమెకు కావాలి. తనూ భర్త పోయిన మనిషే. కానీ కొడుకును కన్నది. ఆ ఒక్క తేడాతో ఆమె అరుగు మీదా, కూతురు పొయ్యి ముందూ కూర్చున్నారు. నాయనమ్మ దుర్మార్గురాలు కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా విసురుతూ కూర్చునేది. ఆమె భయాలు మాత్రం ఆమెకంటే పెద్దవి. ఆ భయాల్లో రాకాసిగుళ్ల గుట్ట ఒకటి. తిరువూరు నుంచి పెనుగొలను వైపు పోయే దారిలో బస్సు దిగి, చేలకడ్డంగా నడిస్తే వస్తుందది. పైన నాలుగు బండలు నిలబెట్టి మీద ఒక బండ కప్పిన గదులు పొదల మధ్య ఎన్నో ఉండేవి. ఒక పక్క బండకు గుండ్రంగా కన్నం ఉంటుంది, మనిషి కష్టపడి దూరగలిగినంత. నిప్పుల వాన కురిసిన కాలంలో రాకాసులు అందులో దాక్కున్నారనీ, బయటికి రాలేక అక్కడే ఉండిపోయారనీ నాయనమ్మ చెప్పేది. ఆడవాళ్లు ఆ గుట్ట ఎక్కితే వాళ్ల కొంగు పట్టుకుని దిగివస్తారట.

ఆ గుట్ట నిండా సీతాఫలం చెట్లే. కాయ కళ్లు విచ్చుకున్నాక కోసుకొచ్చి మా కందిపొట్టులో పూడ్చిపెడితే రెండు రోజుల్లో పండేది. పొట్టు వెచ్చదనానికి పండిన కాయ వాసన మిల్లంతా కమ్ముకునేది. గుట్ట కింది పేటలోని ఆడవాళ్లు ఆ కాయలే గంపలకెత్తుకుని తిరువూరు బజారుకు తెచ్చేవాళ్లు. ఊరంతా కొని తినేది. నాయనమ్మ కూడా తినేది, గింజలు లెక్కగా పక్కన పేర్చుకుంటూ.

ఆ ఏడాది నేను ఇంటరు పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. మా వదిన, అంటే పప్పు అమ్మకాలకు బయటూళ్లు తిరుగుతూ ఉండే మా అన్నయ్య భార్య, కడుపుతో ఉంది. అప్పటికే చలిజ్వరం తగిలి, తగ్గి, మళ్లీ తిరగబెట్టి చిక్కి శల్యమైంది. గుట్ట కింద మాకు కంది చేను ఉండేది. కూలీలకు అన్నం తీసుకుని బండి మీద వెళ్లిన అత్తయ్య, వచ్చేటప్పుడు కొంగు నిండా సీతాఫలాలు తెచ్చింది. కొనలేదు, గుట్ట ఎక్కి తనే కోసింది. ఎండగా ఉందని ఒక బండగది నీడన కాసేపు కూర్చున్నానని కూడా చెప్పింది, ఏదో చుట్టాల ఇంటికి వెళ్లొచ్చినట్టు. కాయలు పండాక వదిన తిన్నది. ఆ తర్వాత కొన్నాళ్లకు మళ్లీ జ్వరం వచ్చింది, కడుపు నిలవలేదు. డాక్టరు మా అరుగు మీదే నిలబడి, మలేరియా వదలకపోవడం వల్ల ఇలా అయింది, ఇకముందు మందు మానకుండా వాడండి, అని చెప్పి వెళ్లాడు. నాయనమ్మ విన్నది, తల ఊపింది, మర్నాడు అంజనం వేసే మనిషిని పిలిపించింది. అతను తమలపాకు మీద కాటుకలోకి చూసి, ఈ ఇంటి ఆడమనిషి ఒకతె కొంగులో ఏదో కట్టుకొచ్చింది, ఆ కొంగు గడప దాటితే గానీ ఈ ఇంట ఉయ్యాల ఊగదు, అన్నాడు. కొంగు అనే మాట ముందే ఎవరు అతని చెవిన వేశారో నాకు తెలుసు. అతను వచ్చేముందు అరుగు మీద నాయనమ్మ దగ్గర మజ్జిగ తాగాడు.

ఆ రోజు నుంచి అత్తయ్యను వంటింట్లోకి రానివ్వలేదు. పొరుగూరి నుంచి దూరపు చుట్టం ఒకామె వచ్చి వండేది, అన్నీ ఉప్పగా. కార్తీక పౌర్ణమి లోపల అత్తయ్యను విస్సన్నపేట వైపు ఆమె అత్తవారింటికి పంపేయాలని నాయనమ్మ తేల్చేసింది. తాళం వేసిన ఖాళీ పెట్టెతో పంపినవాళ్లు ఆమెను గడప ఎక్కనిస్తారా అని నేను నాన్నను అడిగాను. చూద్దాం, అన్నాడు నాన్న. ఆయన జీవితంలో ఎక్కువసార్లు వాడిన మాట అదే. ఆ రేకు పెట్టె పప్పుకొట్టులోంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. అత్తయ్య మిల్లు పక్క గదిలో కూర్చుని కందుల్లో రాళ్లు ఏరుతూ ఉండేది. వదిన ఆ గుమ్మం వైపు చూడకుండా తల తిప్పుకుని తిరిగేది. అది దుఃఖం అనుకున్నాను.

నాకు వాదించడం నేర్పింది కరుణమ్మ టీచరు. ఆడపిల్లల బడిలో సోషలు చెప్పేది. శనివారం సాయంత్రాలు గ్రంథాలయం వరండాలో మా చేత చర్చలు పెట్టించేది. వితంతువులకు పెళ్లి కావాలా వద్దా, జాతకాలు నిజమా కాదా, ఆడపిల్లకు ఆస్తి ఇవ్వాలా, ఇలాంటివన్నీ. ఆమె దగ్గర ఒక నియమం ఉండేది. ఎదుటివాళ్ల వాదం ముందు మనం చెప్పాలి, అదీ వాళ్లు అవునమ్మా సరిగ్గా ఇదే నా మాట అని ఒప్పుకునేట్టు చెప్పాలి. ఆ తర్వాతే కొట్టాలి. నేను ఇన్నేళ్లు రాసిన వ్యాసాల్లో ఏమాత్రం పస ఉన్నా అది ఆ వరండాలోదే. ఆమె ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేది. దేవుడు లేడని నేను ఆమెతోనే వాదించేదాన్ని. మళ్లీ చెప్పు, ఈసారి కోపం లేకుండా చెప్పు, అనేది నవ్వుతూ. ఆమె పుట్టిల్లు ఆ గుట్ట కింది పేటే.

అత్తయ్య సంగతి చెప్పి, గుట్ట మీద పెద్ద సభ పెడదామన్నాను. బండగదిలో దూరి ఒక రాత్రి పడుకుంటాననీ, రాకాసి ఉంటే రమ్మనండనీ, ఊరంతా చూడాలనీ అన్నాను. ఆమె ఏ మాత్రం ఉత్సాహపడలేదు. “అందరూ నీ ధైర్యం చూసి చప్పట్లు కొడతారు. మీ అత్తయ్య పెట్టె గుమ్మం దగ్గరే ఉంటది. నీకు సభ కావాలా, అత్తయ్య కావాలా?” అని అడిగింది. నాకు రోషం వచ్చింది. సమాధుల పండగ దగ్గరికొచ్చింది, ఆ రోజు అత్తయ్యను మా పేటకు తీసుకురా, అంది.

నవంబరు మొదట్లో వచ్చే ఆ పండగ గురించి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ రోజు క్రైస్తవ కుటుంబాలన్నీ తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లి, గడ్డి పీకి, శుభ్రం చేసి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. నేను అత్తయ్యతో, చేను చూసొద్దాం రా, అన్నాను. ఆమెకు సగం తెలుసు. పెట్టె ఎలాగూ గుమ్మంలో ఉంది, ఇంకేం పోతుందిలే, అంటూ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంది. మిల్లు పక్క గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద చేసిన పులిహోర అది. మేము వెళ్లేసరికి గుట్ట మొదట్లో ఉన్న సమాధుల దొడ్డి జాతరలా ఉంది. పిల్లలు పరిగెడుతున్నారు, మగవాళ్లు గడ్డపారలతో కలుపు లేపుతున్నారు, ఆడవాళ్లు చనిపోయినవాళ్లను మాటల్లో దెప్పుతున్నారు. ఒకామె తన అత్తగారి సమాధికి సున్నం కొడుతూ, బతికున్నప్పుడూ నీ ఒళ్లు నేనే తోమాను, ఇప్పుడూ నేనేనా, అంటోంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. వంటింటి బయట ఆమె గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

పని అయ్యాక బకెట్లలో సున్నం మిగిలింది. కరుణమ్మ టీచరు తల్లి మరియమ్మగారు, వంగిపోయిన ముసలామె, గుట్ట వైపు చూసింది. పైన ఉన్నవి కూడా మనుషుల సమాధులేనని, ఎవరో తవ్వితే కుండలూ ఎముకలూ ఇనప కత్తీ దొరికాయని, కూతురు ఎప్పుడో చెప్పి ఉంటుంది. “పైనున్నోళ్లకి ఎవురున్నారమ్మా? వాళ్ల పిల్లలు ఏ దేశం పోయారో ఏమో. ఒక్క ఏడన్నా ఎవురన్నా తుడిచారా?” అంది. అంతే. వాదం లేదు, సిద్ధాంతం లేదు. ఆమె బకెట్టు ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది, అత్తయ్య వెళ్లి అందుకుంది. వెనక పదిమంది ఆడవాళ్లు చీపుళ్లూ కుంచెలూ పట్టుకుని కదిలారు. ఈ ప్రపంచంలో ఇంకెక్కడైనా అంత పాత సమాధులకు ఎవరైనా పండగ సున్నం కొట్టారో లేదో నాకు తెలియదు. మావాళ్లు మాత్రం కొట్టారు. దిక్కులేని సమాధికి చెయ్యవలసింది వాళ్లకు తెలిసినంతలో అదే.

అత్తయ్య ఒక గది ముందు కూర్చుని, లోపలికి తొంగిచూసి, కన్నంలోంచి దూరి లోపలి గోడలు కూడా తుడిచింది. అమ్మాయ్, ఇది గుడేంటే, అచ్చం మన పప్పుకొట్టులాగుంది, అని లోపల్నుంచి అరిచింది. ఆ గొంతు బండల్లో మోగింది. కింద చేలల్లో ఉన్న కూలీలు ఉలిక్కిపడి చూశారట, తర్వాత చెప్పుకున్నారు. సున్నం పూసేటప్పుడు ఆమె ఎంత శ్రద్ధగా, పైనుంచి కిందికి, ఒక పట్టెకు ఒక పట్టె ఆనించి పూసిందో నాకింకా కనిపిస్తుంది. మా ఇళ్లల్లో సమాధులు ఉండవు. పోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్లడానికి ఒక చోటంటూ ఉండదు. ఆమె ఎవరిని తలుచుకుంటూ పూసిందో నేను అడగలేదు. ఎండ వాలాక పులిహోర డబ్బా మూత తీసి అందరికీ పంచింది. పేటలో మరియమ్మగారింట్లో స్టీలు గ్లాసులో టీ ఇచ్చారు. గ్లాసు అందుకుంటూ అత్తయ్య నా వైపు చూసింది, నన్ను అనుమతి అడగడానికి కాదు, చూశావుగా అని చెప్పడానికి. మా ఇంటి ఆడవాళ్లు ఎవరూ అంతవరకు పేటలో పచ్చి మంచినీళ్లు తాగలేదు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. నాయనమ్మ పీట మీదే ఉంది. నాన్న మిల్లు కట్టేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. అత్తయ్య మోచేతుల దాకా సున్నం మరకలు, చీర అంచు తెల్లగా ఎండి బిరుసెక్కింది.

“ఎక్కణ్ణుంచే?” అంది నాయనమ్మ.

“గుట్ట మీంచి. సమాధులకి సున్నం కొట్టొచ్చాం,” అంది అత్తయ్య.

“పేటలో ఏమన్నా ముట్టుకున్నావా?”

“టీ తాగానమ్మా. బాగుంటే ఇంకో గ్లాసు కూడా పోయించుకున్నాను.”

నాయనమ్మ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. అక్కడే ఉండు, గడప తొక్కొద్దు, రేపు పొద్దున్నే బండి కట్టిస్తాను, అంది. నేను ముందుకొచ్చి, టీచరు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. నాయనమ్మా, నువ్వనేది ఇదేగా, ఈ ఇంట్లో ఒక ప్రాణం పోయింది, కారణం తెలిస్తే తప్ప నీకు నిద్ర పట్టదు, మళ్లీ అలా జరక్కుండా కాపాడుకోవాలి, దానికి ఒక మనిషిని వదులుకోవాల్సి వచ్చినా వదులుకోవాలి, అన్నాను. నాకంటే బాగా చెప్పావే, మరింకేం, అంది నాయనమ్మ. ఆ గుట్ట కాయలే బజార్లో ఊరంతా కొని తింటున్నారు, నువ్వూ తిన్నావు, ఊళ్లో ఉయ్యాలలన్నీ ఊగుతూనే ఉన్నాయిగా, అన్నాను. ఆమె తడుముకోలేదు. కొన్న కాయకు దోషం ఉండదనీ, అది అమ్మినవాళ్ల దగ్గరే ఆగిపోతుందనీ అంది. అయితే అత్తయ్య చేతిలో ఓ పావలా పెడితే సరిపోయేదిగా, అన్నాను. నాన్న నీళ్ల చెంబు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఆ దగ్గు నవ్వేనని మాకందరికీ తెలుసు. నాయనమ్మ ముఖం మాత్రం రాయిలా అయిపోయింది. వాదంలో గెలిచాను, అంతే. గుమ్మం దగ్గర పెట్టె కదల్లేదు. కరుణమ్మ టీచరు ఏమన్నదో అప్పుడు నాకు అర్థమైంది.

అప్పుడు మాట్లాడింది అత్తయ్య. గొంతు పెంచలేదు. “అమ్మా, నలుగురిలో చెప్పుకోలేని పని నేనేం చెయ్యలేదు. నన్ను పంపించాలనుంటే పంపించు. కానీ ఎవడో కాటుకలో చూసి చెప్పాడని పంపించొద్దు. నీ కూతుర్ని నువ్వే పంపిస్తున్నానని, నా మొహం చూసి చెప్పి పంపించు.” నాయనమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. అత్తయ్య దొడ్లోకి వెళ్లి, కుళాయి కింద మోచేతుల దాకా తోముకుని, తడి చేతులతోనే తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. అక్కడున్న చుట్టం లేచి పక్కకు జరిగింది. పొయ్యి మీద మూత తీసిన చప్పుడైంది. ఎంత ఉప్పు వేశావు తల్లీ, అని అత్తయ్య గొంతు వినిపించింది.

ఎవరూ భోజనానికి లేవలేదు. అప్పుడు లోపలి గదిలోంచి వదిన వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది, అంత నీరసం. పీట వేసుకుని కూర్చుని, అత్తయ్యను పిలిచి, పిన్నిగారూ ఆకలేస్తోంది, అన్నం పెట్టండి, అంది. నువ్వు లోపలికి వెళ్లి పడుకో, అంది నాయనమ్మ. వదిన లేవలేదు. ఆ ఇంటికి కోడలుగా వచ్చిన దగ్గర్నుంచి పెద్దవాళ్లకు ఎదురు చెప్పని మనిషి. “మామ్మగారూ, సీతాఫలాలు కావాలని అడిగింది నేనండి. నోరు చేదుగా ఉంది, కొనుక్కురమ్మంటే ఎవరేమంటారోనని పిన్నిగారి చెవిలో చెప్పాను. ఆవిడ నా పేరు చెప్పకుండా ఇన్నాళ్లూ మాట పడ్డారు. పంపిస్తే నన్ను పంపించండి.”

నాన్న చెంబు కింద పెట్టాడు. చూద్దాం అంటాడనుకున్నాను. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆ రేకు పెట్టె ఎత్తుకుని పప్పుకొట్టులో ఎక్కడుండేదో అక్కడ పెట్టి, వచ్చి వదిన పక్కన పీట మీద కూర్చున్నాడు. అత్తయ్య ఇద్దరికీ వడ్డించింది. నాయనమ్మ ఆ పూటా, ఆ మర్నాడూ అరటిపళ్లు తిని గడిపింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరి వైపూ చూడకుండా, చారు కాచారా లేదా ఈ ఇంట్లో, అని అడిగింది. అత్తయ్య గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఒప్పుకోవడం, క్షమించమనడం లాంటివేమీ మా ఇంట్లో జరగలేదు. అత్తయ్య ఆఖరి దాకా ఆ వంటింట్లోనే ఉంది. పెట్టెలో మెంతులూ ఎండుమిరపకాయలూ పోసుకుంది.

గుట్ట సంగతి కూడా చెప్పాలి. తెల్లటి బండలు రోడ్డు మీదికి కనిపించేవి. రాకాసిగుళ్లనడం తగ్గి, పెద్దల సమాధులు అనడం మొదలైంది. ఆడవాళ్లు కట్టెల కోసం పైకెక్కేవాళ్లు. కంకర రాయి కొట్టేవాళ్లు కూడా ఎక్కారు, కొన్ని గదులు పగిలి రోడ్ల కింద కలిసిపోయాయి. చూశారా మేడం, భయం ఉన్నన్నాళ్లూ రాళ్లు భద్రంగా ఉన్నాయి, భయం పోగొట్టి మీరే దారి తీశారు, అన్నాడు లెక్చరరు. ఈ వాదం నాకు కొత్త కాదు, ఎంతోమంది అన్నారు. అతని తరఫున బాగా చెప్పగలను కూడా. భయం ఖర్చు లేని కాపలా, చదువు లేని ఊళ్లో అడవినీ రాళ్లనూ కాచింది అదే. నిజమే. అయితే ఆ కాపలాకు మేత ఎవరు? మా అత్తయ్య లాంటివాళ్లు. రాళ్లను కాపాడాలంటే కాపలాదారుని పెట్టండి, చట్టం ఉంది, వాడండి, పిల్లలకు పాఠం చెప్పండి. ఒక విధవను ఇంట్లోంచి గెంటితేనే నిలిచే చరిత్ర నాకు అక్కర్లేదు. ఆనాడు నాకు ఈ సంగతులన్నీ తెలిసి ఉన్నా సున్నం బకెట్టు నేనే మోసేదాన్ని. ఆ మాటే అతనితో అన్నాను. ఈ మరక ఏం చేద్దాం మరి, అని అడిగాడు, గౌరవంగానే. మందులు పెట్టి శుభ్రంగా తీసేయించు బాబూ, అన్నాను. గుర్తుగా ఉంచుదామంటారేమో అనుకున్నాడట. నేను రాళ్లకు మొక్కే మనిషిని కాను, అది మా అత్తయ్య పూసిన రాయైనా సరే. కాకపోతే అదే రోజు ఆ పసుపు కూడా కడిగించు, అప్పుడు నువ్వు చరిత్ర మేస్టారివని ఒప్పుకుంటాను, అన్నాను. దిగేటప్పుడు నా చెయ్యి ఇంకా జాగ్రత్తగా పట్టుకున్నాడు.

దారిలో చెట్లకు కాయలు బాగా ఉన్నాయి. చేతికందినవి కోసి సంచిలో వేసుకున్నాను. వదిన తిరువూరులోనే ఉంటుంది, కొడుకు దగ్గర. వాళ్ల కందిపొట్టు రోజులు పోయాయి, బియ్యం డబ్బాలో పెట్టి మాగేసింది. నేనూ పండేదాకా ఉండిపోయాను. ఇంట్లో వదిన మనవరాలు ఉంది, విజయవాడలో బ్యాంకులో పనిచేస్తుంది, ఆరో నెల అని పుట్టింటికి వచ్చింది. పళ్లు పళ్లెంలో పెట్టేసరికి ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోన్లో వచ్చిన వీడియోలో ఎవరో గురువుగారు చెప్పారట, కడుపుతో ఉన్నవాళ్లు సీతాఫలం తినకూడదని, అందులోనూ సమాధుల దగ్గర పెరిగినవి అసలు తాకకూడదని. పంపింది తన ఆఫీసులో పెద్ద చదువు చదివిన స్నేహితురాలే. నేను నోరు తెరిచాను. నాలుక చివర మొత్తం వాదం సిద్ధంగా ఉంది, ముందు ఆ పిల్ల తరఫున ఎలా చెప్పాలో కూడా.

వదిన నన్ను కళ్లతోనే ఆపింది. పళ్లెంలోంచి ఒక పండు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పిన్నిగారైతే ఇంత పచ్చిగా ఉన్నప్పుడు కోసేవారు కాదు, అని నన్ను చిన్నగా మందలించింది. పండును రెండుగా విప్పి ఒక సగం మనవరాలి చేతిలో పెట్టింది. “తినవే. మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు కూడా ఆ గుట్టవే తిన్నాను. కోసుకొచ్చింది శేషమ్మ పిన్నిగారే. ఆ ఏడు అరుగు మీద కూర్చుని తిన్నాను, అందరూ చూసేట్టు.”

ఆ పిల్ల మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఫోను బోర్లా పెట్టి పండు నోటికి ఆనించుకుంది. గింజలు ఒక్కొక్కటే పళ్లెం అంచున ఊసింది. రెండో సగం వదిన చేతిలోంచి అడక్కుండానే తీసుకుంది.